ముఖాలు కనిపించడం లేదు

2025 నవంబరు 14, శుక్రవారం, ఆఖరి పీరియడ్. ఒక మండల కేంద్రంలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. ఏడో తరగతిలో 42 మంది పిల్లలు ఇంటిగంట కోసం ఎదురుచూస్తున్న వేళ, సాంఘిక శాస్త్రం బోధించే ఉపాధ్యాయిని చేతిలో చార్టులతో గదిలోకి వచ్చారు. బాలల దినోత్సవం సందర్భంగా ఆన్‌లైన్ భద్రత, వ్యక్తిగత గోప్యతల మీద విద్యార్థులకు అవగాహన కల్పించాలని, కార్యక్రమం ఫొటోలను సాయంత్రంలోగా గ్రూపులో పెట్టాలని పై కార్యాలయం నుంచి ఆదేశం వచ్చింది. కంప్యూటర్ ఉపాధ్యాయుడు లేని బడి అది. పౌరశాస్త్రంలో హక్కుల పాఠం చెప్పేది ఆవిడే కనుక ఈ పనికి ఆవిడే తగినవారని ప్రధానోపాధ్యాయుడు తేల్చేశారు.

ఆమె బోర్డు మీద వరుసగా రాశారు. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకూడదు. ఓటీపీ ఇవ్వకూడదు. తెలియనివారితో మాట్లాడకూడదు. ఇంటి చిరునామా, బడి పేరు బయటపెట్టకూడదు. ఫొటోలు ఎవరికీ పంపకూడదు. అయిదు వాక్యాలూ ‘కూడదు’తోనే ముగిశాయి. సొంత ఫోను ఎందరికి ఉందని అడిగితే మూడు చేతులు లేచాయి. అమ్మ ఫోనో నాన్న ఫోనో వాడేవారెందరంటే దాదాపు గది మొత్తం చేతులెత్తింది. పిల్లలు ఆ అయిదు వాక్యాలనూ నోటు పుస్తకాల్లో ఎక్కించుకున్నారు. అంతలో ప్రధానోపాధ్యాయుడు వచ్చి, చార్టులు పట్టుకుని నిలబడమని చెప్పి, తన ఫోనులో మూడు ఫొటోలు తీశారు.

మూడో బెంచీలో కూర్చునే అమ్మాయి అప్పుడు లేచి నిలబడింది. “మేడమ్, ఫొటోలు ఎవరికీ పంపొద్దని రాశారు కదా. ఇప్పుడు సార్ తీసిన ఫొటో ఎవరికి పోతుంది?”

తరగతి గొల్లుమంది. ప్రధానోపాధ్యాయుడు కూడా నవ్వి, “మన ఆఫీసుకేలేమ్మా, బయటివాళ్లకు కాదు” అన్నారు. అమ్మాయి కూర్చుంది. నవ్వనిది ఉపాధ్యాయిని ఒక్కరే. ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకు తెలుసు.

జూన్‌లో బడి తెరిచిన వారంలో బ్యాగులు, నోటు పుస్తకాల పంపిణీ జరిగింది. స్థానిక నాయకుడొకరు ముఖ్య అతిథి. ఆయన చేతుల మీదుగా బ్యాగు అందుకున్న పిల్లల్లో ఆ అమ్మాయి ఒకతె. ఫొటో తీసింది ఈ ఉపాధ్యాయినే. ఆనవాయితీ ప్రకారం బడి గ్రూపులో పెట్టారు. బడి గ్రూపు నుంచి మండల గ్రూపుకు, అక్కడి నుంచి నాయకుడి అనుచరుల పేజీకి అది చేరడానికి నాలుగు రోజులు పట్టలేదు. పేజీలో ఫొటో కింద మొదట జేజేలు, తర్వాత ప్రత్యర్థి పార్టీ వాళ్ల వెటకారాలు, ఆ తర్వాత పిల్ల రంగు మీద, బట్టల మీద మాటలు. పక్క ఊరి కుర్రాడెవరో దాన్ని తన స్టేటస్‌గా పెట్టుకున్నాడు. అన్న స్నేహితుల ద్వారా సంగతి ఇంటికి చేరింది. ఇంట్లో విచారణ జరిగింది నాయకుడి మీదా కాదు, పేజీ నడిపేవాళ్ల మీదా కాదు. పన్నెండేళ్ల పిల్ల మీద. సాయంత్రం పూట లెక్కల పాఠాలు చూసుకునే తల్లి ఫోను ఆమెకు దూరమైంది. ‘చదివింది చాలు’ అన్న మాట కూడా ఆ ఇంట్లో ఒకసారి వినబడింది.

ఆగస్టులో ఏదో కాగితం మీద సంతకానికి వచ్చినప్పుడు తండ్రి అడిగారు: “మా పిల్ల ఎవరికీ ఫొటో పంపలేదంట మేడమ్. మరి అది తీసిందెవరు?” నిలదీసినట్టు అడగలేదు. నిజంగా తెలియకే అడిగారు. ‘నేనే’ అన్న ఒక్క మాట ఉపాధ్యాయిని నోట రాలేదు. కనుక్కుంటానని చెప్పి పంపేశారు. బాలల దినోత్సవం నాటి ప్రశ్న ఆ మౌనానికి మూడు నెలల తర్వాత వచ్చిన తాఖీదు.

ఏడో తరగతి పిల్ల అడిగిన ఆ ప్రశ్నను ఈ దేశపు అత్యున్నత న్యాయస్థానం దశాబ్దాల పాటు తేల్చలేకపోయిందంటే ఆశ్చర్యం కలగవచ్చు. 1954లో ఎం.పి. శర్మ కేసులో ఎనిమిది మంది న్యాయమూర్తులు, 1962లో ఖరక్ సింగ్ కేసులో ఆరుగురు న్యాయమూర్తులు వెలువరించిన తీర్పులను చూపి, గోప్యత ప్రాథమిక హక్కే కాదని 2015లో కేంద్ర ప్రభుత్వం సుప్రీంకోర్టులో వాదించింది. ఆ వాదనకు తావిచ్చిన వ్యాజ్యం వేసింది కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి. 2012లో ఆధార్‌ను ప్రశ్నిస్తూ కోర్టు మెట్లెక్కేనాటికి ఆయన వయసు 86 ఏళ్లు. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా ఆయన వైపు నిలిచింది. రాజ్యాంగం 21వ అధికరణం హామీ ఇచ్చిన జీవన, స్వేచ్ఛా హక్కులలో గోప్యత అంతర్భాగమని తేల్చింది. అదే తీర్పులో జస్టిస్ సంజయ్ కిషన్ కౌల్ విడిగా రాసిన అభిప్రాయంలో పిల్లల ప్రస్తావన ఉంది. అక్షరాలు దిద్దే వయసు నుంచే వారి డిజిటల్ జాడలు పోగుపడుతున్నాయని, పసితనపు పొరపాట్ల ఫలితాన్ని జీవితాంతం వారిచేత మోయించకూడదని ఆయన రాశారు. అయితే ఆ ఏడో తరగతి అమ్మాయి విషయంలో పొరపాటు కూడా ఆమెది కాదు. జాడ విడిచింది బడి.

ఆన్‌లైన్ భద్రతా పాఠాల్లో సాధారణంగా దాటిపోయేది ఇక్కడే. ఆ పాఠాల్లో ప్రమాదం ఎప్పుడూ ముఖం తెలియని అపరిచితుడి రూపంలోనే ఉంటుంది. అలాంటివాళ్లు ఉన్నారు, నిస్సందేహంగా ఉన్నారు. బొమ్మలను మార్ఫింగ్ చేసి బెదిరించేవారు, ఆటల్లో స్నేహం నటించి దగ్గరయ్యేవారు, బహుమతి ఆశచూపి తల్లి ఖాతా ఖాళీ చేసేవారు కల్పిత పాత్రలు కారు. కానీ పల్లె పిల్లల వివరాలు ఎక్కువగా చేతులు మారేది పరిచితుల మధ్యనే. బడి, పంచాయతీ, పార్టీ, ఫోను రీచార్జ్ చేసే కొట్టు. 2017లో ఉత్తరప్రదేశ్‌లో రీచార్జ్ దుకాణాల నుంచి అమ్మాయిల ఫోన్ నంబర్లు డబ్బుకు అమ్ముడుపోతున్న సంగతి పత్రికలకెక్కింది. ఆ అమ్మాయిలు ఎవరికీ నంబరు ఇవ్వలేదు. బ్యాలెన్స్ వేయించుకున్నారంతే.

ఆధార్ చట్టం మీద 2018 సెప్టెంబరు 26న వచ్చిన తీర్పులో పిల్లలకు కొన్ని రక్షణలు దక్కాయి. బడిలో చేరడానికి ఆధార్ తప్పనిసరి కాదని, పిల్లల నమోదుకు తల్లిదండ్రుల సమ్మతి ఉండాలని, ఆధార్ లేదన్న కారణంతో ఏ పిల్లకూ పథకాలు నిరాకరించరాదని, పెద్దయ్యాక వైదొలగే అవకాశం ఇవ్వాలని న్యాయస్థానం చెప్పింది. 2019 సవరణ ఆ అవకాశాన్ని 18 ఏళ్లు నిండిన తర్వాతి ఆరు నెలలకు పరిమితం చేసింది. ఇంటర్ ముగించి, డిగ్రీ ప్రవేశానికో కూలి పనికో తిరిగే ఆ ఆరు నెలల్లో, తనకు అలాంటి హక్కు ఒకటి ఉందని ఎందరు పిల్లలకు తెలుస్తుంది? తెలియాలంటే ఎవరో ఒకరు ఎక్కడో ఒక తరగతిలో చెప్పి ఉండాలి.

ఇప్పుడు విద్యార్థులకు ‘అపార్’ పేరిట మరో శాశ్వత సంఖ్య వచ్చింది. అధికారికంగా అది ఐచ్ఛికం, తల్లిదండ్రుల సమ్మతి మీద ఆధారపడింది. ఈ ఉపాధ్యాయిని చేతి మీదుగా అలాంటి సమ్మతి పత్రాలు ఎన్నో వెళ్లాయి. శనివారంలోగా నూటికి నూరు శాతం పూర్తి కావాలన్న ఒత్తిడి మధ్య ఏ తండ్రికీ ఏ పత్రాన్నీ చదివి వినిపించే తీరిక ఆమెకు దొరకలేదు. సంతకం రాని తల్లుల చేత వేలిముద్ర వేయించారు. ఎవరూ కాదనలేదు. కాదనవచ్చని ఎవరికీ చెప్పలేదు కూడా. నిరాకరణకు చోటివ్వని సమ్మతి హాజరు పట్టీలాంటిది. ‘ఉన్నాను సార్’ అనడం తప్ప మరో జవాబుకు అందులో గడి ఉండదు.

యాదృచ్ఛికమే కావచ్చు, ఆ పాఠం జరిగిన నవంబరు 14నే కేంద్ర ప్రభుత్వం డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ నియమాలను ప్రకటించింది. వాటికి మూలమైన చట్టం 2023 ఆగస్టు నాటిది. 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగా గుర్తించి, వారి డేటా వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతిని నిర్ధారించుకోవాలని చట్టం చెబుతోంది. పిల్లల కదలికలను వెంటాడటాన్ని, వారికి గురిపెట్టి ప్రకటనలు చూపడాన్ని నిషేధిస్తోంది. ఉల్లంఘిస్తే 200 కోట్ల రూపాయల దాకా జరిమానా. ప్రధాన బాధ్యతలు అమల్లోకి రావడానికి మాత్రం 18 నెలల వ్యవధి ఇచ్చారు.

కాగితం మీద ఇది బలమైన కవచమే. కవచానికి ఉన్న తూట్లను కూడా చూడాలి. సబ్సిడీలు, ప్రయోజనాలు అందించే పనిలో ప్రభుత్వం డేటాను వాడుకునేందుకు చట్టం వేరే దారి తెరిచి ఉంచింది. నోటిఫికేషన్‌తో తన సంస్థలను మినహాయించుకునే అధికారాన్నీ కేంద్రానికి ఇచ్చింది. విద్యా కార్యకలాపాల కోసం, పిల్లల భద్రత కోసం జరిపే పరిశీలన విషయంలో విద్యాసంస్థలకు నియమాల్లో మినహాయింపు దొరికింది. అదే చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) సెక్షన్‌ను సవరించి, ‘వ్యక్తిగత సమాచారం’ అన్న కారణంతో పౌరుల దరఖాస్తులను తిరస్కరించడాన్ని సులభతరం చేసింది. అధికారుల వివరాల చుట్టూ గోడ ఎత్తు పెరిగింది. బ్యాగు అందుకున్న పిల్ల ముఖం మాత్రం పేజీల్లో తిరుగుతూనే ఉంది.

మరో చిక్కు ఇంకా లోతైనది. చట్టం దృష్టిలో ఏడో తరగతి పిల్ల సమ్మతి అంటే ఆమె తండ్రి సమ్మతి. పన్నెండేళ్ల వయసుకూ పదిహేడేళ్ల వయసుకూ తేడా లేదు. తండ్రికి తెలిసిన భద్రత ఒక్కటే, ఫోను లాక్కోవడం. అది ప్రేమలేక చేసే పని కాదు, భయంతో చేసే పని. కానీ ఆ భయానికి మూల్యం ఎప్పుడూ ఆడపిల్ల చదువే. ఆ సంగతి తెలిసిన పిల్లలు ఆన్‌లైన్‌లో నిజంగా ఎవరైనా వేధించినప్పుడు ఇంట్లో నోరు విప్పరు. బెదిరించేవాడి బలమంతా ఆ మౌనంలోనే ఉంటుంది.

ప్రభుత్వాలు కూడా అదే తండ్రిలా ఆలోచిస్తాయి. పదహారేళ్లలోపు పిల్లలకు సామాజిక మాధ్యమ ఖాతాలను నిషేధిస్తూ ఆస్ట్రేలియా చేసిన చట్టం 2025 డిసెంబరు 10న అమల్లోకి వచ్చింది. అక్కడ ఉద్దేశం పిల్లల రక్షణ. పొరుగున నేపాల్‌లో ఉద్దేశం వేరు. నమోదు చేసుకోలేదన్న కారణంతో 26 వేదికలను అక్కడి ప్రభుత్వం 2025 సెప్టెంబరు 4న మూసివేయించింది. అవినీతి మీద అప్పటికే రగులుతున్న యువతరం సెప్టెంబరు 8న వీధుల్లోకి వచ్చింది. వారిలో బడి యూనిఫాంలో ఉన్న పిల్లలూ కనిపించారు. ఆ ఒక్క రోజే 19 మంది ప్రాణాలు కోల్పోయారు. మర్నాడు ప్రధాని ఓలి రాజీనామా చేశారు. ఈ రెండు దేశాల కథలూ ఒకటి కావు. అయినా తాళం వేయడం పాఠం చెప్పడానికి ప్రత్యామ్నాయం కాదని రెండూ గుర్తు చేస్తాయి. పదహారో పుట్టినరోజున తాళం తీసినప్పుడు పిల్లల చేతిలో ఏం ఉంటుందన్నదే అసలు ప్రశ్న.

పాఠం చెప్పిన అనుభవాలు ఈ దేశంలో లేకపోలేదు. 2017లో కేరళలో తట్టు, రుబెల్లా టీకాల కార్యక్రమాన్ని వాట్సాప్ వదంతులు దెబ్బతీశాయి. ఆ అనుభవంతో కన్నూర్ జిల్లా యంత్రాంగం 2018లో ‘సత్యమేవ జయతే’ పేరిట 150 ప్రభుత్వ పాఠశాలల్లో తప్పుడు సమాచారాన్ని గుర్తించే తరగతులు నడిపింది. అదే ఏడాది జోగులాంబ గద్వాల జిల్లాలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాల పుకార్లు వ్యాపించినప్పుడు, పోలీసులు డప్పు కళాకారులను వెంటబెట్టుకుని ఊరూరా తిరిగి జనానికి నచ్చజెప్పారు. కన్నూర్ తరగతుల విలువ ఒక చిన్న విషయంలో ఉంది. మెసేజీ పంపింది పెదనాన్నే అయినా, మాస్టారే అయినా, అది నిజమేనా అని అడగవచ్చని పిల్లలకు చెప్పడం. ఆన్‌లైన్ భద్రతకు పునాది ఈ ధైర్యమే. పెద్దవాళ్లను ప్రశ్నించడం తప్పని నమ్మే పిల్ల, పెద్దమనిషిలా నటించే మోసగాడిని కూడా ప్రశ్నించలేదు.

తర్వాతి శుక్రవారం ఆ ఉపాధ్యాయిని అదే గదిలోకి చార్టులు లేకుండా వచ్చారు. ఆదేశం లేదు, పీరియడ్ మాత్రం ఉంది. మొదట చెప్పిన మాట: “జూన్‌లో బ్యాగుల ఫొటో తీసింది నేనే. మిమ్మల్ని అడక్కుండా తీశాను, అడక్కుండా గ్రూపులో పెట్టాను. తప్పు నాది.” మూడో బెంచీ వైపు తిరిగి చెప్పలేదు. అందరికీ చెప్పారు. ఏడో తరగతి పిల్లలు టీచరు తప్పు ఒప్పుకోవడం చూసి ఎరగరు. గదిలో కొంతసేపు ఫ్యాన్ చప్పుడే వినిపించింది.

తర్వాత నోటు పుస్తకంలో మూడు గడులు గీయించారు. నా గురించి ఎవరికి ఏం తెలుసు? ఎందుకు తెలుసు? నన్ను అడిగారా? పిల్లలు రాయడం మొదలుపెట్టారు. రేషన్ డీలరుకు వేలిముద్ర. బడికి ఆధార్, కులం, నాన్న ఆదాయం. రీచార్జ్ కొట్టుకు అమ్మ నంబరు. ఫోనులోని ఆటకు మైకు, కెమెరా, ఎక్కడున్నామన్న సంగతి. పావుగంటలో పేజీలు నిండాయి. మూడో గడిలో దాదాపు అందరికీ ఒకటే మాట వచ్చింది: లేదు.

అక్కడి నుంచి పాఠం సులువుగా నడిచింది. ఆటకు మైకు ఎందుకు, ఆపడం ఎలా. లొకేషన్ ఎక్కడ కట్టేయాలి. ఎవరైనా బెదిరిస్తే మెసేజీలు చెరిపేయకుండా ఉంచి ఎవరికి చూపించాలి. పిల్లల సహాయానికి 1098, డబ్బు పోతే 1930. ‘కూడదు’ల జాబితా చివర ఆమె ఒక కొత్త వాక్యం చేర్చారు: ఎవరైనా మీ ఫొటో తీస్తామంటే, అది ఎందుకో అడగవచ్చు, వద్దనవచ్చు. “సార్ తీసినా?” అని వెనక నుంచి ఒక కుర్రాడు అడిగాడు. “సార్ తీసినా. నేను తీసినా” అన్నారు ఆమె.

ఆ సాయంత్రం ఆమె అమ్మాయి ఇంటికి వెళ్లారు. ఆగస్టులో అడిగిన ప్రశ్నకు జవాబు ఇచ్చారు. తండ్రి కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “అప్పుడే చెప్పి ఉంటే పిల్లను అన్ని మాటలు అనేవాణ్ని కాదు కదా మేడమ్” అన్నారు. కోపం కన్నా ఆ మాట బరువుగా ఉంది. ఫోను పిల్ల చేతికి వెంటనే తిరిగి రాలేదు. రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది దాకా, తల్లి పక్కన కూర్చుని పాఠాలు చూసుకోవచ్చన్న ఒప్పందం కుదిరింది.

మరుసటి నెలలో ఇంకో అవగాహన కార్యక్రమం వచ్చింది, ఈసారి పారిశుద్ధ్యం మీద. ఫొటో తీసే ముందు ఉపాధ్యాయిని పిల్లల్ని అడిగారు. పదకొండు మంది వద్దన్నారు. వాళ్లను పక్కకు నిలబెడితే వేలెత్తి చూపినట్టవుతుంది. అందుకే అందరినీ బోర్డు వైపు తిప్పి, వెనక నుంచి తీసి పంపారు. అరగంటలో పై కార్యాలయం నుంచి మెసేజీ వచ్చింది: ‘ముఖాలు కనిపించడం లేదు. మళ్లీ పంపండి.’

ప్రధానోపాధ్యాయుడు ఫోను పట్టుకుని తరగతి గుమ్మంలో నిలబడ్డారు. పదవీ విరమణకు రెండేళ్లున్న మనిషి. పైవాళ్ల మాట కాదని ఎరగరు. ఉపాధ్యాయిని వైపు చూశారు. ఆమె పిల్లల వైపు తిరిగి మళ్లీ అడిగారు. ఈసారి పద్నాలుగు చేతులు వద్దని లేచాయి. మూడో బెంచీ చెయ్యి అందులో ఉంది. ఆయన కళ్లద్దాలు సర్దుకుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ జవాబు టైప్ చేశారు.

‘పిల్లలు వద్దన్నారు.’

పంపేముందు ఒక్క క్షణం ఆగారు. తర్వాత పంపారు. ఇంటిగంట కొట్టే వేళకు కూడా దానికి పైనుంచి జవాబు రాలేదు.